ఉమ్మడి మీటరు, ఎవరి పొదుపు? నివాస సముదాయాల్లో సుస్థిర అలవాట్ల వెనక ఉన్న లెక్క

తన గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు తప్పకుండా లైటు ఆర్పే మనిషే, అదే భవనం మెట్ల దగ్గర పట్టపగలు వెలుగుతున్న లైటును చూస్తూ రోజూ దాటిపోతాడు. ఇంట్లో కొళాయి కారితే ఆ సాయంత్రానికే బాగుచేయించే కుటుంబం, పైకప్పు మీది ట్యాంకు నిండి పొర్లుతుంటే ఎవరో ఒకరు మోటారు కట్టేస్తారులే అనుకుంటుంది. దీన్ని నిర్లక్ష్యమనో, పౌరస్పృహ లేకపోవడమనో తిట్టడం తేలిక. అయితే ఆ మనిషి స్వభావం రెండు నిమిషాల్లో మారిపోలేదు. గడప దాటేసరికి లెక్క మారింది, అంతే. 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అన్న సామెత ఈ సంగతిని ఎప్పుడో పట్టుకుంది. గొర్రెకు పుండు పడిన విషయం యజమానులందరికీ తెలుసు, మందు వేయవలసింది తానేనని మాత్రం వారిలో ఒక్కరికీ తోచలేదు.

నివాస సముదాయాల్లో నీళ్లు, కరెంటు, చెత్త, వాహనాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా అది రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. జనానికి అవగాహన రావాలని ఒకరంటారు, జరిమానా వేస్తే తప్ప వినరని మరొకరంటారు. గత అరవై ఏళ్లలో ఆర్థికశాస్త్రవేత్తలు, సామాజిక మనస్తత్వవేత్తలు ఈ ప్రశ్న మీద చేసిన పనిని చదివితే, అసలు విషయం ఈ రెండింటికీ కొంచెం పక్కగా ఉన్నట్టు కనిపిస్తుంది. మీటరు ఎక్కడుంది, బిల్లు ఎవరికి వస్తుంది, నియమం ఎవరు రాశారు, రోజువారీ పని ఎవరి చేతుల మీద నడుస్తోంది అన్న అమరిక ఎలా ఉంటే అలవాటు చాలావరకు అలా తయారవుతుంది.

ముందుగా రెండు మాటల అర్థం

'సుస్థిరత' అన్న మాటకు ఎక్కువమంది వాడే నిర్వచనం 1987 నాటిది. నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రుంట్లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి కోసం పనిచేసిన సంఘం, రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి భంగం కలగకుండా ఇప్పటి అవసరాలు తీర్చుకునే అభివృద్ధిని సుస్థిరాభివృద్ధి అంది. దీన్ని ఒక భవనం స్థాయికి దించితే సుస్థిరమైన అలవాటు అంటే, ఎవరూ గుర్తు చేయకుండా, ప్రత్యేకంగా ఆలోచించకుండా పదేపదే జరిగిపోయే, వనరు తక్కువ ఖర్చయ్యే పని. ఏడాదికొకసారి అందరూ చేరి ఆవరణ శుభ్రం చేయడం మంచిపనే గాని అలవాటు కాదు. తడి చెత్త, పొడి చెత్త వేర్వేరు డబ్బాల్లో వేయడానికి చేయి దానంతట అదే కదిలితే అది అలవాటు.

'ఉమ్మడి జీవనం' అన్న మాట కొంచెం తికమకపెడుతుంది, ఎందుకంటే అందులో కనీసం మూడు పొరలు ఉన్నాయి. మెట్లు, లిఫ్టు, ట్యాంకు, ఆవరణ వంటి స్థలాలను, సదుపాయాలను పంచుకోవడం మొదటిది; ఏ అపార్టుమెంటులోనైనా ఇది ఇష్టం ఉన్నా లేకపోయినా జరిగేదే. పనిముట్లు, బట్టలుతికే యంత్రాలు, వాహనాల వంటి వస్తువులను పంచుకోవడం రెండవది. వంట, పిల్లల సంరక్షణ, మరమ్మతు వంటి శ్రమను పంచుకోవడం మూడవది. ఈ మూడింటినీ కావాలని ఒకచోట చేర్చిన నమూనాకు 'కోహౌసింగ్' అని పేరు. డెన్మార్క్‌లో బోదిల్ గ్రో అనే రచయిత్రి 1967లో పిల్లలకు వందమంది తల్లిదండ్రులు ఉండాలన్న అర్థంలో ఒక పత్రికావ్యాసం రాశారు. వాస్తుశిల్పి యాన్ గుడ్‌మండ్ హోయర్ అంతకు కొంచెం ముందునుంచే ఇలాంటి ఇళ్ల సముదాయం కోసం ప్రయత్నిస్తున్నారు. 1972లో సెట్టెడామెన్ అనే సముదాయం రూపుదిద్దుకుంది. అందులో ప్రతి కుటుంబానికీ సొంత వంటగది ఉన్న సొంత ఇల్లు ఉంటుంది, దానికి తోడు అందరికీ కలిపి ఒక ఉమ్మడి ఇల్లు ఉంటుంది. గమనించవలసింది ఏమిటంటే, వీరికి ఉమ్మడి జీవనం అంటే తలుపులు తీసేయడం కాదు, తలుపులు ఉంచుకుని ఇంకొక గది కలుపుకోవడం.

నలభై ఇళ్లకు ఒకే మీటరు ఉంటే

నలభై ఇళ్లున్న ఒక భవనాన్ని ఊహించుకుందాం. నీటికి ఒకే మీటరు, బిల్లును అందరూ సమానంగా పంచుకుంటారు. ఒక కుటుంబం జాగ్రత్తపడి నెలకు 4,000 లీటర్లు తగ్గించిందనుకుంటే, ఆ ఇంటి బిల్లులో తగ్గేది 100 లీటర్ల ధర మాత్రమే. మిగిలిన 3,900 లీటర్ల లాభం తక్కిన 39 ఇళ్లకు చేరుతుంది. అదే లెక్క తిరగేస్తే, అదనంగా 4,000 లీటర్లు పారబోసిన ఇంటికి పడే భారం కూడా 100 లీటర్ల ధరే. ఈ అమరికలో పొదుపు చేయడం దానం లాంటిది, దుబారా రాయితీ లాంటిది. ఇంత వంకర లెక్కలో కూడా కొందరు పొదుపుగా ఉంటున్నారంటే ఆశ్చర్యపోవలసింది వారిని చూసి.

ఈ చిక్కుకు 1968లో 'సైన్స్' పత్రికలో జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఒక ప్రసిద్ధమైన రూపం ఇచ్చారు. అందరూ మేపుకునే బీడులో ప్రతి కాపరీ ఇంకొక పశువును చేర్చుకుంటూ పోతాడు, ఎందుకంటే ఆ పశువు వల్ల లాభమంతా అతనిది, మేత తగ్గిన నష్టం మాత్రం అందరిదీ. చివరికి బీడే నాశనమవుతుంది. దీనికి ఆయన చూపించిన దారులు ప్రధానంగా రెండు: వనరును సొంత ఆస్తిగా విడగొట్టడం, లేదా పైనుంచి అధికారం చెలాయించడం.

అమెరికా రాజకీయశాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ ఈ ముగింపును ఒప్పుకోలేదు. వాదించడానికి బదులు ఆమె నిజంగా నడుస్తున్న ఉమ్మడి వనరులను వెతికి చూశారు. స్విట్జర్లాండ్‌లోని టొర్బెల్ అనే కొండ గ్రామంలో 1517 నాటి ఒక కట్టుబాటు ప్రకారం, చలికాలమంతా సొంత మేతతో ఎన్ని ఆవులను పోషించగలరో అన్నింటినే వేసవిలో ఉమ్మడి పచ్చికకు పంపాలి. ఎవరూ బీడును ముక్కలు చేసుకోలేదు, పైనుంచి రాజు వచ్చి కాపలా కాయలేదు. లెక్కపెట్టడానికి తేలికైన ఒక కొలత, ఒకరినొకరు గమనించుకునే వీలు, తాము రాసుకున్న నియమం కలిసి శతాబ్దాలపాటు ఆ బీడును కాపాడాయి. ఈ పరిశోధనకు ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విభాగంలో దాన్ని అందుకున్న తొలి మహిళ ఆమె. హార్డిన్ కూడా 1994లో, తాను వర్ణించిన విషాదం 'నిర్వహణ లేని' ఉమ్మడి వనరులకు వర్తిస్తుందని సవరించుకున్నారు. ఆ ఒక్క విశేషణం చుట్టూనే ఇప్పటి చర్చ అంతా తిరుగుతోంది.

మళ్లీ మన భవనానికి వస్తే, ఇంటింటికీ విడి మీటరు పెట్టడం హార్డిన్ దారి. అది పనిచేస్తుందా అన్న ప్రశ్నకు 2004లో అమెరికాలో అపార్టుమెంట్ల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఉపయోగపడే సమాధానం ఇచ్చింది. విడి మీటరు ఉండి, కొలిచిన వాడకానికి డబ్బు కట్టే ఇళ్లలో నీటి వాడకం 15.3 శాతం తక్కువగా ఉంది. అదే, బిల్లు ప్రతి ఇంటికీ వేరుగానే వచ్చినా, అది వైశాల్యాన్ని బట్టో మనుషుల సంఖ్యను బట్టో ఒక సూత్రంతో పంచిన బిల్లు అయినచోట, గణాంకపరంగా చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. చేతికి కాగితం రావడం వేరు, ఆ కాగితం మీది అంకె మన చేతి పనిని బట్టి కదలడం వేరు.

అయితే మీటరు పెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. ఇద్దరున్న ఒక ఇల్లు రోజుకు 360 లీటర్లు, ఆరుగురున్న మరో ఇల్లు 720 లీటర్లు వాడుతున్నాయనుకుందాం. వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే అంచెల పద్ధతి ఉంటే రెండవ ఇంటికే పెద్ద దెబ్బ, అసలు మనిషికి చూస్తే మొదటి ఇంట్లో 180 లీటర్లు, రెండవ ఇంట్లో 120 లీటర్లు. పోనీ మనుషుల సంఖ్యను బట్టి అంచెలు మారుద్దామంటే ఎవరింట్లో ఎందరున్నారు, బంధువులు ఎన్నాళ్లుంటే సభ్యులవుతారు, మంచాన పడ్డ రోగి ఉన్న ఇంటికి మినహాయింపు ఎంత అన్న కొత్త తగాదాలు మొదలవుతాయి. లెక్క ఎంత కచ్చితమైతే అంత సమాచారం అడుగుతుంది, అంత సమాచారం అడిగేకొద్దీ ఇరుగుపొరుగుల మధ్య బిగువు పెరుగుతుంది. ఇక అద్దె ఇళ్లలో ఇంకొక ముడి ఉంది. నీళ్లు తక్కువ తాగే ఫ్లష్ ట్యాంకు, కరెంటు తక్కువ తీసుకునే గీజరు కొనవలసింది యజమాని, బిల్లు కట్టేది అద్దెదారు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది కాబట్టి ఇద్దరిలో ఎవరికీ తొందర ఉండదు.

ఒక్కరు చాలిన పని, అందరూ కావలసిన పని

సుస్థిర అలవాట్లన్నింటినీ ఒకే మూటగా కట్టి ప్రచారం చేయడం వల్ల ఒక ముఖ్యమైన తేడా మరుగున పడుతుంది. ఆర్థికవేత్త జాక్ హిర్ష్‌లైఫర్ 1983లో ఉమ్మడి ప్రయోజనాలను అవి ఎలా పోగవుతాయన్నదాన్ని బట్టి వేరు చేశారు. ఆయన వేరే సందర్భంలో చెప్పినా, ఒక అపార్టుమెంటుకు ఆ వర్గీకరణ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

మొదటి రకంలో ప్రయోజనం అందరి వాటాల మొత్తం. నీరు, కరెంటు ఈ కోవలోవి. నలభై ఇళ్లలో పాతిక ఇళ్లు పొదుపు చేసినా పాతిక ఇళ్లంత ఫలితం దక్కుతుంది. మిగిలినవారు చేయకపోతే ఆ మేరకు తగ్గుతుంది, కాని చేసింది వృథా పోదు. రెండవ రకంలో అందరికంటే వెనకబడినవారే ఫలితాన్ని నిర్ణయిస్తారు. తడి చెత్తతో ఎరువు తయారు చేసే గుంతలో 39 ఇళ్లు శుభ్రంగా వేరు చేసి వేసినా, ఒక్క ఇంటినుంచి పగిలిన గాజు, వాడేసిన బ్యాటరీలు వచ్చి కలిస్తే ఆ విడత ఎరువును మొక్కలకు వేయలేం. ఇక్కడ 97.5 శాతం సహకారం అంటే గొప్ప విజయంలా వినిపిస్తుంది, గుంత దగ్గర మాత్రం అది వైఫల్యమే. మూడవ రకంలో ఎవరో ఒక్కరు చేస్తే అందరికీ సరిపోతుంది. ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్ బిగించడం, మెట్ల లైట్లకు మనిషి కదలికను పసిగట్టే సెన్సరు పెట్టించడం, కారుతున్న ఉమ్మడి గొట్టం గురించి ప్లంబరుకు ఫోను చేయడం వంటివి ఇందులోకి వస్తాయి.

ఏ రకానికి ఏ మందు అన్నది దీన్నిబట్టే మారుతుంది. మొదటి రకానికి ధర, మీటరు, పోలిక పనిచేస్తాయి; సగటు తగ్గితే చాలు కనుక కొందరిని వదిలేసినా నష్టం లేదు. రెండవ రకానికి సగటుతో పనిలేదు. అక్కడ చెత్త ఇచ్చేచోటే పరిశీలన ఉండాలి, లేదా అందరినీ కలపకుండా చిన్న చిన్న బృందాలుగా విడగొట్టాలి. నలభై ఇళ్లకు ఒక గుంత ఉన్నప్పుడు ఒక్క పొరపాటు నలభై ఇళ్ల శ్రమను పాడుచేస్తుంది. ఎనిమిదేసి ఇళ్లకు ఒకటి చొప్పున ఐదు గుంతలుంటే అదే పొరపాటు ఎనిమిది ఇళ్ల దగ్గర ఆగిపోతుంది, పైగా ఎవరు చేశారో ఊహించడం కూడా తేలిక. మూడవ రకానికి ప్రచారం దాదాపు దండగ. అక్కడ కావలసింది నలభైమంది చైతన్యం కాదు, బాధ్యత అప్పగించిన ఒక్క పేరు.

పక్కింటి వాడకం తెలిస్తే ఏమవుతుంది

ధరకు బదులు పోలికను వాడుకోవచ్చన్నది మనస్తత్వవేత్తల దారి. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో చేసి 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. వెస్లీ షుల్ట్జ్, రాబర్ట్ చాల్డీని తదితరులు దాదాపు 290 ఇళ్లకు, వారు వాడిన కరెంటు ఎంతో, చుట్టుపక్కల సగటు ఎంతో రాసి తలుపుకు తగిలించారు. సగటుకంటే ఎక్కువ వాడుతున్నవారు తగ్గించారు. కాని సగటుకంటే తక్కువ వాడుతున్నవారు పెంచారు. తాము అనవసరంగా ఇబ్బంది పడుతున్నామని వారికి అనిపించి ఉండాలి. మరో బృందానికి అదే సమాచారంతోపాటు, తక్కువ వాడినవారికి నవ్వు ముఖం బొమ్మ, ఎక్కువ వాడినవారికి ముడుచుకున్న ముఖం బొమ్మ గీసి ఇచ్చారు. నవ్వు ముఖం అందుకున్నవారు తమ పొదుపును నిలబెట్టుకున్నారు. అంకె 'అందరూ ఏం చేస్తున్నారో' చెబుతుంది, బొమ్మ 'ఏది మెచ్చదగిందో' చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు సంకేతాలు.

దీన్నిబట్టి చూస్తే నోటీసు బోర్డు మీద కనిపించే ఒక సర్వసాధారణమైన వాక్యం తలకిందులుగా పనిచేస్తుందని తెలుస్తుంది. 'చాలామంది చెత్తను వేరు చేయడం లేదు, దయచేసి సహకరించండి' అని రాసినప్పుడు రాసినవారి ఉద్దేశం మందలింపు. చదివినవారికి అందేది మాత్రం, వేరు చేయనివారే ఎక్కువమంది అన్న కబురు.

ఈ పద్ధతి బలాన్ని ఎక్కువ చేసి చెప్పడం కూడా తగదు. అమెరికాలో ఇదే సూత్రంతో పంపిన విద్యుత్ నివేదికల ప్రభావాన్ని, అవి అందినవి, అందనివి కలిపి ఆరు లక్షల ఇళ్ల సమాచారంతో ఆర్థికవేత్త హంట్ ఆల్కాట్ 2011లో విశ్లేషిస్తే, సగటు తగ్గుదల సుమారు 2 శాతం అని తేలింది. ఖర్చు తక్కువ, ఇళ్లు లక్షల్లో ఉన్నాయి కాబట్టి విద్యుత్ సంస్థకు అది లాభసాటి. నలభై ఇళ్ల భవనానికి 2 శాతం అంటే ఒక ఇంటి వాడకం కూడా కాదు.

జరిమానా ధరగా మారినప్పుడు

ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశుసంరక్షణ కేంద్రాల్లో ఆర్థికవేత్తలు ఊరీ నీజీ, ఆల్డో రుస్తికీని చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం నివాస సముదాయాల గురించి కాకపోయినా, జరిమానాల చర్చలో దాన్ని తప్పించుకోలేం. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరు కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. కొన్ని వారాల తరువాత జరిమానా తీసేసినా పెరిగిన ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. అంతకు ముందు ఆలస్యం చేయడమంటే అక్కడి ఉపాధ్యాయినికి ఇబ్బంది కలిగించడం, మొహమాటపడవలసిన విషయం. జరిమానా వచ్చాక అది డబ్బిచ్చి కొనుక్కునే సేవ అయింది.

అలాగని జరిమానాలన్నీ బెడిసికొడతాయనడం తొందరపాటు. ఆస్ట్రమ్ చూసిన దీర్ఘకాలపు ఉమ్మడి వనరుల్లో శిక్షలు ఉన్నాయి, కాని అవి మెట్లు మెట్లుగా ఉన్నాయి. మొదటి తప్పుకు చాలా స్వల్పమైన శిక్ష, తప్పు మళ్లీ మళ్లీ జరిగితే పెరిగే శిక్ష. మొదటి శిక్ష పని భయపెట్టడం కాదు, 'నీ పని మా కంట పడింది' అని తెలియజేయడం. పైగా ఆ నియమాన్ని దానికి కట్టుబడవలసినవారే కూర్చుని రాసుకున్నారు, కాపలాదారు కూడా వారికే జవాబుదారీ. బయటి సంస్థ తయారుచేసిన నియమాల పుస్తకాన్ని తెచ్చి గోడకు అంటించిన భవనానికీ, రెండు సమావేశాల్లో గొడవపడి మరీ ఐదు నియమాలు రాసుకున్న భవనానికీ తేడా ఇక్కడే వస్తుంది. రెండవ భవనంలో ఓడిపోయినవారు కూడా తమ మాట విన్నారనుకుని వెళ్తారు.

పంచుకుంటే తగ్గుతుందా, పెరుగుతుందా

వస్తువులను పంచుకుంటే వనరులు మిగులుతాయన్నది చూడగానే నిజమనిపించే మాట. లెక్క వేసి చూద్దాం. నలభై ఇళ్లు, ఒక్కో ఇంట్లో బట్టలుతికే యంత్రం వారానికి 4 గంటలు తిరుగుతుంది. వారంలో ఉన్న 168 గంటల్లో 164 గంటలు అది ఊరికే కూర్చుని ఉంటుంది. మొత్తం అవసరం 160 గంటలు. ఉమ్మడి గదిలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, అంటే రోజుకు 16 గంటల చొప్పున వారానికి 112 గంటలు ఒక యంత్రం దొరుకుతుంది కాబట్టి రెండు యంత్రాలు చాలాలి. కాని సగం ఉతుకుడు సెలవు రోజులైన రెండు రోజుల్లోనే జరిగితే, 32 గంటల్లో 80 గంటల పని పడుతుంది, మూడు యంత్రాలు కావాలి. అందరూ ఉదయం పూటే వస్తారు కనుక ఐదుంటే గాని వరుసలో నిలబడే బాధ తప్పదు. అయినా నలభైకి బదులు ఐదు.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఒక ఉతుకుకు పట్టే నీరు, కరెంటు ఎక్కడ ఉతికినా ఒకటే. పంచుకోవడం వల్ల మిగిలేది యంత్రం తయారీకి పట్టే లోహం, ప్లాస్టిక్, ఇంట్లో స్థలం. ఆ మిగులు కూడా యంత్రం ఎందుకు చస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. తుప్పు పట్టో, విడిభాగాలు దొరకకో వయసుతో మూలపడే యంత్రమైతే ఐదుతో నిజంగా సరిపోతుంది. తిరిగిన గంటలను బట్టి అరిగిపోయే యంత్రమైతే ఎనిమిది రెట్లు తిరిగే ఆ ఐదూ ఎనిమిది రెట్లు త్వరగా అరుగుతాయి, కాలక్రమంలో కొనే సంఖ్య పెద్దగా మారదు. ఏడాదికి రెండుసార్లు అవసరపడే నిచ్చెన, గోడకు రంధ్రం చేసే డ్రిల్లు వంటివి వాడకం వల్ల కాక వయసు వల్ల పాడయ్యే వస్తువులు; పంచుకోవడంలో అసలు లాభం వాటి దగ్గరే ఎక్కువ.

వాహనాల దగ్గర లెక్క ఇంకా జారుడు. ఒక ఉమ్మడి కారుకు పదిమంది సభ్యులున్నారనుకుందాం. వారిలో ముగ్గురు, ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగే సొంత కార్లు అమ్మేసి, ఇప్పుడు 4,000 చొప్పున మాత్రమే తిరుగుతున్నారు. అంతకు ముందు కారే లేని ఏడుగురు, దొరికింది కదా అని 1,000 చొప్పున తిరగడం మొదలుపెట్టారు. మునుపు మొత్తం 24,000, ఇప్పుడు 19,000, తగ్గింది. అదే, కారు అమ్మినది ఒక్కరే, మిగిలిన తొమ్మిదిమందీ కొత్తగా తిరుగుతున్నవారే అయితే, మునుపు 8,000 ఉన్నది ఇప్పుడు 13,000 అవుతుంది. పథకం అదే, సభ్యుల సంఖ్య అదే, ఫలితం మాత్రం ఎదురు తిరిగింది. సామర్థ్యం పెరిగి వాడకం చౌకైతే మొత్తం వాడకం పెరగవచ్చని బ్రిటిష్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే ఆవిరి యంత్రాలను, బొగ్గును చూపించి హెచ్చరించారు. కాబట్టి పంచుకోవడం మంచిదా కాదా అన్న ప్రశ్నకు ముందు, అది దేని స్థానంలో వచ్చిందన్న ప్రశ్న ఉంది.

జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో వోబాన్ అనే పేట ఈ ముడిని మరో చివరినుంచి విప్పింది. అక్కడ చాలా వీధుల్లో ఇంటి ముందు కారు నిలిపే స్థలం ఉండదు. కారున్నవారు పేట అంచున ఉన్న గ్యారేజీలో స్థలం విడిగా కొనుక్కోవాలి. కారు లేనివారు లేదని రాసిచ్చి ఆ ఖర్చు తప్పించుకుంటారు. ఇంటి ధరలో కలిసిపోయి కనిపించకుండా ఉన్న నిలుపుదల ఖర్చును బయటికి తీసి చూపించడం, ఆ కారును ఇంటి గుమ్మానికి కొంచెం దూరం జరపడం, చేసింది ఈ రెండే. కారు మానమని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

యంత్రం బిగించడం ఒక రోజు, నడపడం ప్రతిరోజూ

దక్షిణ లండన్‌లో 2002లో పూర్తయిన బెడ్‌జెడ్ అనే సుమారు వంద ఇళ్ల సముదాయం సుస్థిర నివాసాలకు ప్రపంచప్రసిద్ధమైన నమూనా. అందులో మందపాటి ఉష్ణనిరోధక గోడలు, దక్షిణపు ఎండను పట్టే గాజు కిటికీలు పెట్టారు. వాటితోపాటు కట్టెముక్కలతో వేడినీ, విద్యుత్తునూ తయారుచేసే యంత్రాన్ని, మురుగునీటిని అక్కడే శుద్ధిచేసే ఏర్పాటును కూడా పెట్టారు. కొన్నేళ్లకే యంత్రం మూలపడింది, దాని స్థానంలో మామూలు గ్యాస్ బాయిలర్లు వచ్చాయి. శుద్ధి ఏర్పాటు కూడా నిలిచిపోయింది. గోడలు, కిటికీలు మాత్రం తమ పని చేస్తూనే ఉన్నాయి, ఎందుకంటే వాటికి ఆపరేటరు అక్కర్లేదు.

అలవాట్లకు కూడా ఇలాంటి నిర్వహణ ఖర్చు ఉంటుంది, అది ఎవరి పద్దులోనూ కనిపించదు. ఎరువు గుంతను కలియబెట్టేవారు, ఉమ్మడి గది తాళం దగ్గర పెట్టుకునేవారు, చెత్త డబ్బాలో చేయిపెట్టి సరిచేసేవారు మొదట పదిమంది ఉంటారు, ఏడాది తిరిగేసరికి ఇద్దరు మిగులుతారు. ఇంటిపనిలో చెత్త, వంట ఎవరి వంతుగా ఉన్నాయో, భవనం స్థాయిలోనూ ఆ పని వారి మీదే, అంటే ఎక్కువగా స్త్రీల మీదే పడుతుంది. పర్యావరణానికి మేలు జరిగిందని ప్రకటించే నివేదికల్లో ఈ గంటలకు గడి ఉండదు.

శ్రమను లెక్కపెట్టి పంచుకున్నచోట పరిస్థితి వేరు. కోహౌసింగ్ సముదాయాల్లో ఉమ్మడి భోజనం దీనికి ఉదాహరణ. ముప్పైమంది పెద్దలున్నచోట వారానికి మూడు పూటలు కలిసి తింటారనుకుంటే నాలుగు వారాలకు పన్నెండు పూటలు. పూటకు ఇద్దరు వండితే ఇరవై నాలుగు వంతులు. ఒక్కొక్కరికి నెలకు ఒక వంతు కూడా పూర్తిగా పడదు, పన్నెండు సాయంత్రాల్లో కనీసం పదకొండు వంట లేకుండా గడుస్తాయి. ఇంధనం ఆదా అవుతుందన్నది నిజమే గాని, జనం వంతు తప్పకుండా రావడానికి కారణం ఇంధనం కాదు, ఆ పదకొండు సాయంత్రాలు. సుస్థిరత ఇక్కడ ఉపఫలం.

తేలని వాదనలు

అలవాట్ల మీద ఇంత శ్రద్ధ పెట్టడమే పక్కదారి అనేవారున్నారు. భవనం కప్పు, గోడలు, పంపులు, గొట్టాల మీద ఒకసారి సరైన నిర్ణయం తీసుకుంటే నలభై కుటుంబాలను రోజూ సతాయించే పని ఉండదని వారి వాదన; బెడ్‌జెడ్ గోడలు వారి సాక్ష్యం. అవతలివారు, కట్టడాన్ని మార్చే నిర్ణయానికి కూడా ముందుగా కలిసి కూర్చుని మాట్లాడుకునే అలవాటు కావాలని, చిన్న పనులు కలిసి చేయనివారు పెద్ద ఖర్చుకు ఒప్పుకోరని అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. మొదటిది కొత్త భవనాలకు, రెండవది ఇప్పటికే జనం నివసిస్తున్నవాటికి ఎక్కువ వర్తిస్తుందని నాకు తోస్తుంది.

కొలత గురించిన వాదన ఇంతకంటే సున్నితమైనది. విడి మీటరు పొదుపు నేర్పుతుందన్నది చూశాం. కాని క్షణక్షణం వాడకాన్ని నమోదు చేసే మీటరు, ఇంట్లో మనుషులు ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు బయటికి వెళ్తారు అన్న సంగతులు కూడా చెప్పేస్తుంది. 2009లో నెదర్లాండ్స్ పార్లమెంటు ఎగువసభ స్మార్ట్ మీటర్లను తప్పనిసరి చేసే ప్రతిపాదనను ఈ గోప్యత కారణంగానే తిప్పికొట్టింది. ఆ తరువాత, వద్దనే హక్కుతోనే ఆ మీటర్లకు దారి దొరికింది. నలభై ఇళ్ల సముదాయంలో ఆ సమాచారం చూసేది దూరాన ఉన్న సంస్థ కాదు, రోజూ లిఫ్టులో ఎదురయ్యే పొరుగువారు కాబట్టి ఈ అభ్యంతరం ఇంకా బరువెక్కుతుంది.

అయితే ప్రతి కొలతకూ ఇంట్లోకి తొంగిచూసే అవసరం లేదు. అందరూ నిద్రపోయే వేళ, రాత్రి 2 గంటలకు ఒకసారి, 4 గంటలకు ఒకసారి భవనం మొత్తానికి ఉన్న ప్రధాన మీటరు చదివితే చాలు. ఆ రెండు గంటల్లో ట్యాంకులేవీ నింపకపోయినా అంకె నిలకడగా కదిలిందంటే ఎక్కడో గొట్టం కారుతోందని అర్థం. నెలవారీ మొత్తాలతో ఇంకొక లెక్క వేయవచ్చు. ప్రధాన మీటరు ఒక నెలలో 6,00,000 లీటర్లు చూపించి, నలభై విడి మీటర్ల మొత్తం 5,10,000 మాత్రమే వచ్చిందనుకుందాం. మిగిలిన 90,000 లీటర్లు, అంటే 15 శాతం, ఆవరణలోని మొక్కలకో, పొర్లిన ట్యాంకుకో, పగిలిన ఉమ్మడి గొట్టానికో పోయి ఉండాలి. ఆ నీటిని ఏ ఇంటి అలవాటులో వెతికినా దొరకదు.